మా ఇంట్లో రాత్రిని పంచుకున్న తీరు

ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రినని తెలిసినవారు నన్ను ముందుగా అడిగేది వాడికి మాటలు వచ్చాయా అని. ఆ తరువాత బడికి పంపుతున్నారా అంటారు. ఇంకాస్త చనువున్నవారు ఎక్కడ చూపిస్తున్నారని ఆరా తీస్తారు. రాత్రి నిద్రపోతాడా అని మాత్రం ఎవరూ అడగరు. మన దేశంలో ఆటిజం తీవ్రతను లెక్కగట్టడానికి సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ రూపొందించిన ఐసా అనే కొలమానంలో 40 అంశాలు ఉంటాయి. కళ్లలోకి చూడడం మొదలుకొని శబ్దానికి, స్పర్శకు ఎలా స్పందిస్తాడనే దాకా అన్నీ అడిగి, ఒక్కో అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. వైకల్య ధ్రువపత్రం ఇవ్వడానికి అది అవసరమైన కొలతే, కాదనను. అయితే ఆ 40లో నిద్ర లేదు. మా ఇంట్లో మాత్రం పగలు ఎలా గడవాలో నిర్ణయించేది అదే.

మా వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. నెల్లూరులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాం. నాలుగైదేళ్ల వయసులో వాడు రాత్రి పదకొండు దాటితే గాని కన్ను మూసేవాడు కాదు. మళ్లీ రెండింటికో రెండున్నరకో లేచి, ఇంట్లో లైట్లన్నీ వేసి, హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి గెంతుతూ తెల్లవార్చేవాడు. ఏడ్చేవాడు కాదు, హాయిగానే ఉండేవాడు. మర్నాడు స్పీచ్ థెరపీకి వెళ్తే కుర్చీలో కూర్చోలేక కింద పడి దొర్లేవాడు. అక్కడ నేర్పినవి ఇంట్లో చేయించమని మాకు చెప్పేవారు గాని, అవి వినే స్థితిలో నేనూ నా భార్యా ఉండేవాళ్లం కాదు. డబ్బు కట్టి, ఆటో ఎక్కి, ఎండలో పడి వెళ్లి, నిద్రమత్తులో ఉన్న పిల్లవాణ్ణి నిద్రమత్తులో ఉన్న పెద్దవాళ్లు తిరిగి ఇంటికి తెచ్చుకోవడమే ఆ రోజుల్లో మా థెరపీ.

ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా ఏదో ఒక నిద్ర సమస్య ఉంటుందని వైద్యులు చెబుతారు. చీకటి పడ్డాక మెదడు విడుదల చేసే మెలటోనిన్ అనే నిద్ర హార్మోను లయ తప్పడం ఒక కారణం కావచ్చు. మనకు వినిపించి వినిపించని శబ్దం, చొక్కా మెడ వెనక గీచుకొనే లేబులు కూడా వారిని మేల్కొలపవచ్చు. మాకు దొరికిన పిల్లల వైద్యుడు మందు రాయడానికి ముందు, వాడు ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు, ఆ రోజు ఏం తిన్నాడు, విరేచనం అయిందా లేదా అన్నవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి తెమ్మన్నారు. మలబద్ధకం, గురక, నిద్రలో వచ్చే మూర్ఛలు, రక్తంలో ఇనుము తక్కువగా ఉండడం వంటివి లేవని తేల్చుకోకుండా ఇది ఆటిజం లక్షణమేనని వదిలేయకూడదన్నది ఆయన పట్టుదల. మా వాడి విషయంలో మలబద్ధకం బయటపడింది. మాటలు లేని పిల్లవాడు కడుపు నొప్పిని గెంతులతో తప్ప మరెలా చెబుతాడు? దానికి చికిత్స జరిగాక రెండింటి లేవడం నాలుగింటికి జరిగింది. మెలటోనిన్ తరువాత, కొద్ది మోతాదులో, ఆయన సలహా మీదే వచ్చింది. దుకాణంలో అడిగి కొనుక్కొని వేసే మందు అది కాదని ఇక్కడ గట్టిగా చెబుతున్నాను.

మిగిలినది ఇల్లు సర్దుకోవడం. స్నానం, అన్నం, పళ్లు తోముకోవడం, దీపం ఆర్పడం అనే క్రమాన్ని నాలుగు బొమ్మలుగా గీసి గోడకు అంటించాము; ఒక్కొక్కటి అయ్యాక వాడే ఆ బొమ్మను తీసి డబ్బాలో వేస్తాడు. పక్క మీద కొత్త దుప్పటి వేస్తే వాడు లేచి వెళ్లిపోతాడు. మా అమ్మ కట్టి కట్టి మెత్తబడిన వెంకటగిరి నూలు చీర పరిస్తేనే పడుకుంటాడు, కనుక మా అమ్మ చీరలకు ఇప్పుడు ఇంట్లో గిరాకీ ఎక్కువ. లోపల బరువు నింపి కుట్టిన దుప్పట్లు కొనమని చాలామంది చెప్పారు. 2014లో బ్రిటన్‌లో జరిపిన ఒక పరీక్షలో వాటివల్ల పిల్లల నిద్ర పెరగలేదని తేలింది, కానీ పిల్లలకు అవి నచ్చాయట. మా ఇంట్లో ఆ పనిని బొంత చేస్తోంది, ఖర్చు లేకుండా.

నెల్లూరు వేసవి సంగతి వేరే చెప్పాలి. రోహిణి కార్తెలో కరెంటు పోతే పెద్దవాళ్లం ఉక్కకు లేస్తాం. మా వాడు మాత్రం ఫ్యాను శబ్దం ఆగినందుకు లేస్తాడు. ఆ శబ్దం వాడికి వీధిలోని మిగతా శబ్దాలన్నిటినీ కప్పివేసే దుప్పటి. వాడి కోసం మేము పెట్టిన ఖర్చులన్నిటిలో ఇన్వర్టరుకు పెట్టినదే సార్థకమైనదని నా అభిప్రాయం.

కింది అంతస్తులో వృద్ధ దంపతులు ఉంటారు. అర్ధరాత్రి గెంతుల గురించి వారు ఫిర్యాదు చేసేలోపే వెళ్లి విషయం చెప్పడం మేలని నేనే దిగి వెళ్లాను. ఆమె అంతా విని, "పిల్లోడు దూకితే దూకనీ నాయనా, పైన ఎవరైనా పడ్డారేమోనని భయపడ్డాం, అంతే" అన్నారు. హాల్లో రబ్బరు చాపలు పరిచాము. మా అత్తగారు తమ వంతుగా వాణ్ణి కసుమూరు దర్గాకు తీసుకువెళ్లి తాయెత్తు కట్టించారు. మేము అడ్డు చెప్పలేదు. చేతికి తాడు తగిలితే వాడు సహించడు గనుక అది ఇప్పుడు పడకగది గడియకు వేలాడుతోంది.

ఇన్ని చేసినా వాడు లేచే రాత్రులు ఉంటాయి. అందుకే రాత్రిని రెండు ముక్కలు చేశాం. రెండింటి దాకా నా భార్య బాధ్యత, ఆ తరువాత నాది. తన వంతు కానప్పుడు ఎవరూ లేవకూడదు, తలుపు తీసి చూడకూడదు. ఈ రెండో షరతు మొదటిదానికన్నా కష్టం, ముఖ్యంగా తల్లికి. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి ఏ వంతూ లేదు. తమ్ముడు లేచినా తన గది తలుపు మూసి ఉండాలన్నది మా నియమం. దాన్ని స్వార్థమనుకొనే బంధువులు కొందరున్నారు.

1943లో లియో కానర్ అనే మనోవైద్యుడు 11 మంది పిల్లలను వర్ణించి ఆటిజాన్ని వైద్యలోకం దృష్టికి తెచ్చినప్పుడు, వారి తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువని కూడా రాశాడు. ఆ మాట పట్టుకొని తరువాతి వారు తల్లుల మనసు చల్లగా గడ్డకట్టి ఉండడమే జబ్బుకు కారణమని నిందించారు. 1964లో ఆ వాదాన్ని సాక్ష్యాలతో ఖండించిన బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి కూడా. ఆ వైద్యులు చూసిన ముఖాలు ఎన్నో రాత్రులు నిద్ర లేనివని నా ఊహ. నిద్ర చాలని మనిషి ముఖంలో ఆప్యాయత కనిపించదు, గొంతులోనూ వినిపించదు. వెయిటింగ్ హాళ్లలో మా తోటివారిని చూస్తుంటే నాకీ మాట ప్రతిసారీ గుర్తొస్తుంది. ఫోను ఇచ్చి పాడుచేశారని మా ఊళ్లో ఇప్పుడు అనేది ఆ పాత నిందకు కొత్త రూపమే.

సంరక్షించేవారికి విశ్రాంతి కావాలన్నది ప్రభుత్వానికి తెలియని విషయమేమీ కాదు. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం 1999 నాటి చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్‌కు సమర్థ్-కమ్-ఘరౌందా అనే పథకం ఉంది. ఇటువంటివారికి వసతి కల్పించి కుటుంబానికి కొంత విరామం ఇవ్వడం దాని ఉద్దేశాలలో ఒకటి. నెల్లూరులో వైకల్యాలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే కాంపోజిట్ రీజినల్ సెంటరు ఉంది కాబట్టి, థెరపీ కోసం అక్కడికి వెళ్లేవారు ఈ సంగతి కూడా అడిగి తెలుసుకోవడం మంచిది. అంతవరకు మాకు విరామం ఇస్తున్నది మా తోడల్లుడు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి, వాడితో మాట్లాడించే ప్రయత్నమేమీ చేయకుండా, మైపాడు దాకా బండి మీద తిప్పుకొని వస్తాడు. ఆ వేళకు ఇంట్లో మేము ముగ్గురం ఎవరి గదిలో వాళ్లం నిద్రపోతూ ఉంటాం. వచ్చినవాళ్లకు కాఫీ కూడా ఇవ్వరా అని ఆయన ఒకసారి వేళాకోళమాడాడు. తాళంచెవి ఇచ్చాం, డికాక్షన్ ఎక్కడుంటుందో చూపించాం.