గుణనిధి ఎగదోసిన దీపం

శివరాత్రి వస్తోందంటే చాలు, మా బంధువుల్లో ఎవరో ఒకరు మా మరిదిని ఉద్దేశించి ఈ మాట అంటారు: "దేవుడు లేడనే వాడికి తిరునాళ్లెందుకు? ప్రభ దగ్గర ఏం పని?" వినీ వినీ నాకు విసుగొచ్చింది. అనేవాళ్లందరూ భక్తులే, నాకు కావలసిన వాళ్లే. కానీ శివరాత్రి మహిమ చెప్పమంటే వీళ్లు మొదట ఎత్తుకునేది గుణనిధి కథే. ఆ కథ పిల్లలకు చెప్పిన నోటితోనే ఈ మాట ఎలా అంటారో నాకు అర్థం కాదు.

కథ మీకు తెలిసిందే. యజ్ఞదత్తుడి కొడుకు, జూదంలో తండ్రి ఉంగరం దాకా ఓడినవాడు, ఇల్లొదిలి పారిపోయి, ఆకలికి తాళలేక నైవేద్యాల వాసన పట్టుకుని శివాలయం చేరాడు. నా మనసు ఎప్పుడూ ఒక్క చోటే ఆగిపోతుంది. భక్తులు పాడి పాడి నిద్రలోకి జారారు. గర్భగుడిలో దీపం కొడిగట్టింది. పళ్లేలు ఎక్కడున్నాయో కనిపించలేదు. గుణనిధి తన బట్ట కొంగు చింపి, వత్తిగా మెలిపెట్టి, దీపంలో వేసి ఎగదోశాడు.

ఎవరి కోసం వెలిగించాడు? తన కడుపు కోసం. అందులో సందేహమే లేదు. పురాణం కూడా దాన్ని దాచిపెట్టలేదు. కానీ యమదూతలు వచ్చి ఇతను మావాడు అన్నప్పుడు శివకింకరులు చూపించిన లెక్క వినండి. లింగం శిరస్సు మీద దీపపు నీడ పడుతుంటే ఇతను తన బట్ట చింపి ఆ నీడ పోగొట్టాడు అన్నారు. నాకు ఒళ్లు పులకరించేది ఇక్కడే. ఆ రాత్రి గుడి నిండా జనం ఉన్నారు. స్వామి తల మీద నీడ పడుతున్న సంగతి ఒక్కరూ చూడలేదు. గుణనిధీ చూడలేదు, అతని చూపంతా పళ్లెం మీదే. అయినా నీడ తొలగింది. తొలగించింది ఎవరి చెయ్యి అని మాత్రమే అక్కడ చూశారు, ఆ చెయ్యి ఏ ఉద్దేశంతో కదిలిందని ఎవరూ అడగలేదు.

లెక్క అంతటితో ఆగలేదు. తిండి దొరక్క పస్తున్నాడు, అది ఉపవాసం. వీళ్లెప్పుడు పడుకుంటారా అని కాచుకుని పూజంతా చూశాడు, అది దర్శనం. వాళ్లు పాడుతుంటే నామాలు చెవిన పడ్డాయి, అది శ్రవణం. అన్నీ అతని ఖాతాలోనే రాశారు.

మరో సంగతి కూడా గమనించండి. గుణనిధి మారినట్టు కథలో ఎక్కడా లేదు. స్వామీ తప్పయిందని ఏడవలేదు. నైవేద్యం తీసుకుని పోతుంటే నిద్రపోతున్న ఒకరికి కాలు తగిలింది. దొంగ దొంగ అన్నారు. కావలివాళ్లు కొట్టిన దెబ్బలకు చచ్చిపోయాడు. మెలకువగా ఉన్నది అతనొక్కడే. లేచినవాళ్లు కేకలు వేశారే కానీ, ఆరిపోవలసిన దీపం ఇంత ప్రకాశంగా ఎలా వెలుగుతోందని అటు తిరిగి చూడలేదు. అతను మరుజన్మలో కళింగ దేశానికి దముడనే రాజై, రాజ్యంలోని ప్రతి శివాలయంలో దీపం వెలగాలని ఆజ్ఞ వేశాడు. ఆపైన అలకాపురికి అధిపతి కుబేరుడై, సాక్షాత్తూ శివుడికి సఖుడు అయ్యాడు.

భాగవతం చెప్పేదీ ఇదే కదా. "సాంకేత్యం పారిహాస్యం వా స్తోభం హేలనమేవ వా." కొడుకును పిలిచినా, వేళాకోళానికి అన్నా, పాటలో ఊతంగా అన్నా, తేలిగ్గా తీసిపారేస్తూ అన్నా, భగవంతుడి నామం పాపం పోగొట్టకుండా ఊరుకోదు. చావు ముంచుకొచ్చిన వేళ కొడుకును "నారాయణా" అని పిలిచి తరించిన అజామిళుడి కథకు కన్నీళ్లు పెట్టుకునే మనం ఇంటికొచ్చిన అజామిళుణ్ణి మాత్రం గుమ్మంలోనే నిలదీస్తాం.

మా మరిది సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో ఉద్యోగం. దేవుడంటే నమ్మకం లేదు, ఆ మాట ఎవరి దగ్గరా దాచడు. పూజగదిలోకి రాడు, బొట్టు పెట్టుకోడు. శివరాత్రి పొద్దున కూడా టిఫిన్ తింటాడు. మా అత్తయ్య తాను ఉపవాసం ఉండి కూడా, ఒక్క మాట అనకుండా వాడికి ఇడ్లీ పెడుతుంది. కానీ పల్నాడులోని కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్లకు సెలవు పెట్టుకుని రావడం మాత్రం మానడు. ప్రభ కట్టే రోజుల నుంచే ఊళ్లో ఉంటాడు.

పల్నాడు వాళ్లకు ప్రభ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఊరి వాళ్లంతా కలిసి కర్రలతో, వెదురుబొంగులతో తాటిచెట్టును మించిన ఎత్తున కట్టి, రంగుల బట్ట చుట్టి, లైట్లు బిగించి, జనరేటర్ పెట్టి, కొండ కిందికి నడిపించుకుంటూ తీసుకెళ్లాలి. రోడ్డు కాస్త ఒరిగినా అంత ఎత్తు ప్రభ ఊగుతుంది. నాలుగు వైపులా మోకులు పట్టుకున్న మగవాళ్లే దానికి ప్రాణం. మలుపు తిరిగేటప్పుడు ఒక వైపు వదలాలి, అదే క్షణంలో ఎదుటి వైపు బిగించాలి. "వదులు, వదులు, ఆపు, లాగు" అని ఒకాయన అరుస్తుంటే అందరి కళ్లూ పైనే. అందరికీ ఒకటే టెన్షన్. దారి పొడవునా "చేదుకో కోటయ్యా" అని జనం అంటూనే ఉంటారు. మా మరిది అనడు. పళ్లు బిగించి మోకు పట్టుకుంటాడు. ఇంటికొచ్చాక చూస్తే అరచేతులు తోలు లేచి ఎర్రగా ఉంటాయి.

ఆ మోకు దగ్గరే ఒక పెద్దాయన అనేశారు, "నమ్మకం లేనోడివి, నీకెందుకురా ఇది" అని. వాడు బదులు చెప్పలేదు. రాత్రి నేను చేతులకు కొబ్బరినూనె ఇస్తూ అడిగాను, నిజంగా ఎందుకొస్తావయ్యా అని. "ఆ మూల మోకు నాన్నది వదినా. నేను లేకపోతే ఎవరో ఒకరు పట్టుకుంటారులే. కానీ నేనుండగా వేరేవాళ్లెందుకు? శివుడున్నాడో లేదో నాకు తెలీదు. మన ఊరి ప్రభ ఉంది, అది పడకూడదు" అన్నాడు.

మా మరిది లోలోపల భక్తుడేనని నేను అనను. అతను అనని మాట అతని నోట పెట్టే హక్కు నాకు లేదు. అతనికి కావలసింది వాళ్ల నాన్న, వాళ్ల ఊరు. తల్లి మనసు కష్టపెట్టలేక పూజలో కూర్చునేవాళ్లున్నారు. నాయనమ్మ కోసం తంగేడుపూలు తెచ్చి బతుకమ్మ పేర్చి, తాను మాత్రం ఏ దేవతకూ దండం పెట్టని ఆడపిల్లలున్నారు. అమెరికాలో పూజగది లేని ఇళ్లవాళ్లు కూడా ఉగాది పచ్చడి కోసం నలుగురూ ఒకచోట చేరతారు. ప్రేమ వల్ల వస్తారు, బాధ్యత వల్ల వస్తారు, ఒంటరిగా ఉండలేక వస్తారు. ఆ ప్రేమను, ఆ బాధ్యతను వాళ్ల గుండెలో పెట్టింది ఎవరని నన్నడిగితే నా జవాబు నాకుంది. వాళ్లు ఒప్పుకోనక్కర్లేదు.

నాకు బాధ కలిగించేది మనవాళ్ల పద్ధతి. పాల ప్యాకెట్ పళ్లతో కొరికి లింగం మీద వంచి, ఖాళీ కవరు అక్కడే పడేయడం ఏం అభిషేకం? జాగారమని వరసగా సినిమాలు చూసి, తీరా లింగోద్భవ కాలానికి కుర్చీలో తల వాల్చేస్తాం. ప్రదక్షిణంలో ఫోను దించం. శివుడి ఎదుట నిలబడి కూడా పక్కవాడు క్యూ తప్పాడని తగువు పడతాం. నమ్మకం ఉన్న మనం ఇలా ఉండి, నమ్మకం లేనివాడి చేతిలోని మోకును ఎలా తప్పు పడతాం?

ఈ శివరాత్రికి మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఎవరైనా ఉంటే దయచేసి గుచ్చి గుచ్చి అడగకండి. బలవంతంగా విభూతి పెట్టకండి. "చూశావా, ఆఖరికి ఆయనే రప్పించుకున్నాడు" అని గెలిచినట్టు మాట్లాడకండి, ఆ ఒక్క మాటతో మళ్లీ ఏడాది రాకుండా పోతారు. చేతికి పని ఇవ్వండి. వత్తులు చెయ్యమనండి, నీళ్లు మోయమనండి, ప్రసాదం పంచమనండి. ఆకలేస్తే అన్నం పెట్టండి, ఉపవాసం మీది కానీ వాళ్లది కాదు. మీరు నిద్రకు ఆగలేకపోతే, దీపం చూస్తూ ఉండమని వాళ్లకు చెప్పి పడుకోండి.