ఆయనకు ఆసుపత్రి డ్యూటీ, మీకు నెలలు నిండుతున్నాయి

కరోనా రోజుల్లో పట్టుకున్న అలవాటు చాలా ఇళ్లలో ఇంకా పోలేదు. భర్త పెద్దాసుపత్రి నుంచో పీహెచ్‌సీ నుంచో రాగానే గుమ్మం బయటే నిలబెట్టి, చొక్కా బకెట్లో వేయించి, నేరుగా స్నానానికి పంపేస్తారు. పంపండి, మంచిదే. కానీ ఇంట్లో భార్య కడుపుతో ఉన్నప్పుడు అసలు జాగ్రత్త పడాల్సినవి చాలావరకు బట్టల మీద రావు. ఆయన ఊపిరితో, ఆయన రక్తంతో వస్తాయి. ఒక్కోసారి ఆయనకే తెలియదు.

బట్టల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. యూనిఫాం విడిగా ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. వాంతులు, విరేచనాల కేసులు చూసిన రోజు మాత్రం శానిటైజర్‌ను నమ్ముకోవద్దు, నోరోవైరస్ లాంటివి దానికి సరిగా లొంగవు. సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

ఆటలమ్మ గురించి ముందు తేల్చుకోండి. చిన్నప్పుడు వచ్చిందా అని మీ అమ్మనూ, అత్తగారినీ అడగండి. మీ దంపతులిద్దరిలో ఎవరికైనా రాలేదన్నా, గుర్తులేదన్నా వాళ్లకు వారిసెల్లా ఐజీజీ రక్తపరీక్ష చేయించండి, ఆటలమ్మ నుంచి ఒంట్లో రక్షణ ఉందో లేదో అది చెబుతుంది. ఆయనకు రక్షణ లేదని తేలితే టీకా వేయించుకోవచ్చు. పెద్దవాళ్లకు రెండు డోసులు, మధ్యలో కనీసం 4 వారాలు. మీకు మాత్రం గర్భంలో ఈ టీకా గానీ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) గానీ వేయరు. ఆయన ఎంఎంఆర్ వేయించుకుంటే దాని వల్ల మీకేమీ కాదు. ఆటలమ్మ టీకా తర్వాత ఆయన ఒంటి మీద పొక్కులు లేస్తే మాత్రం అవి తగ్గేదాకా మీకు దూరంగా ఉండాలి. రక్షణ లేని మనిషి వార్డులో ఆటలమ్మ రోగి దగ్గర పనిచేస్తే 8వ రోజు నుంచి 21వ రోజు దాకా అనుమానించాలి, ఎందుకంటే పొక్కు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుకుంటుంది. రక్షణ లేని గర్భిణికి తగిలిందనిపిస్తే వేపాకు కట్టి కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇమ్యునోగ్లోబ్యులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) 96 గంటల్లోపు పడితే మేలు, 10 రోజుల వరకు ఇస్తారు.

ఇక సూది గుచ్చుకోవడం. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇదే. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టబోయి గుచ్చుకుంటారు. ఇంట్లో చెబితే కంగారు పడుతుందని దాచేస్తారు. గుచ్చుకున్న చోట సబ్బు నీళ్లతో కడగాలి, అంతే. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్ పోయకూడదు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గుచ్చుకున్న రోజు నుంచి లెక్కేసి 6 వారాలకు, 3 నెలలకు పరీక్షలు ఉంటాయి.

దంపతులు పొరబడేది ఇక్కడే. గర్భం వచ్చాక ఇంక కండోమ్ ఎందుకని మానేస్తారు. సూది గుచ్చుకున్నాక ఆయనకు చేసే ఆఖరి పరీక్ష నెగెటివ్ వచ్చేదాకా అది తప్పనిసరి. గర్భంతో ఉండగా కొత్తగా హెచ్ఐవీ సోకితే రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, బిడ్డకు చేరే ప్రమాదమూ పెరుగుతుంది. మూడో నెలలో మీకు చేసిన పరీక్ష నెగెటివ్ అన్న ధీమా తర్వాత జరిగిన దానికి పనికిరాదు. అందుకే ఆయనకు సూది గుచ్చుకున్న విషయం మీ డాక్టర్‌కు చెప్పి, మీకూ మళ్లీ పరీక్ష చేయించమనండి.

హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలలకు మూడు డోసులు వేయించుకున్నామని చాలామంది నిశ్చింతగా ఉంటారు. మూడో డోసు తర్వాత నెల, రెండు నెలలకు టీకా పట్టిందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ రక్తపరీక్ష చేయించాలి, అది 10 mIU/mLకి తగ్గకూడదు. ఈ టీకా మీరు గర్భంలోనూ వేయించుకోవచ్చు. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు తొలి డోసు పడాలి.

టీబీ బట్టలతో, కంచాలతో రాదు, దగ్గుతో గాలిలో వస్తుంది. టీబీ వార్డులో ఆయనకు కావాల్సింది ఎన్95, మామూలు సర్జికల్ మాస్కు చాలదు. గడ్డం ఉంటే మాస్కు అంచుల్లోంచి గాలి దూరుతుంది. ఇద్దరిలో ఎవరికి రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా కఫం పరీక్ష చేయించాలి, సర్కారు ఆసుపత్రిలో ఉచితం. ఒకవేళ టీబీ అని తేలినా గర్భంలో వాడదగ్గ మందులున్నాయి. స్ట్రెప్టోమైసిన్ మాత్రం వద్దు, బిడ్డ వినికిడి దెబ్బతింటుంది.

ఇంట్లోనే ఆసుపత్రి మనిషి ఉన్నాడు కదా అని చెకప్‌లు వాయిదా వేయకండి. ఆయన బ్యాగులోని మాత్రలన్నీ మీకు సరిపడవు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు 20 వారాలు దాటాక ఉమ్మనీరు తగ్గించగలవు. ఆయన చేతిలోని బీపీ మిషన్‌ను మాత్రం బాగా వాడుకోండి. 140/90 గానీ పైన గానీ వస్తే ఆరోజే డాక్టర్‌కు చూపించాలి. దాంతోపాటు తలనొప్పి, కళ్లు మసకలు ఉన్నా, 160/110కి చేరినా తెల్లారేదాకా ఆగకూడదు.

నైట్ డ్యూటీ రోజుల్లో ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు), స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు కాగితం ఒకే సంచిలో తలుపు దగ్గర ఉండాలి. రక్తస్రావం అయినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా ఆయన కోసం ఎదురుచూడొద్దు. ముందు 108, తర్వాతే ఆయనకు ఫోన్. థియేటర్లో ఉంటే ఆయన ఫోన్ ఎత్తలేరు కాబట్టి వార్డు ల్యాండ్‌లైన్ నంబరు, అదే షిఫ్టులో ఉండే ఒకరి నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాసి అంటించండి.