బొత్తాం కుట్టడానికి కూర్చుని

పదకొండున్నర దాటింది. చిన్నదాని యూనిఫాం చొక్కాకి పై బొత్తాం ఊడిపోయింది, కుట్టేసి పడుకుందామని కూర్చున్నాను. సూదిలోకి దారం కూడా ఎక్కించాను, అదీ నాలుగో ప్రయత్నంలో. కానీ చెయ్యి కదలడం లేదు. సాయంత్రం నుంచీ ఒక మాట చెవిలో తిరుగుతోంది. "చీటరు." అన్నది నన్ను కాదు. 1984లో అమెరికాలో ఏదో టీవీ ఆటలో లక్ష డాలర్లు పట్టుకుపోయిన ఒకాయన్ని. ఆయన పోయి కూడా పాతికేళ్లు దాటింది. నాకెందుకు ఇంత ఉక్రోషం?

జరిగింది ఇంతే. భోజనాలయ్యాక చిన్నది ఫోన్లో పాత గేమ్ షోల క్లిప్పులు పెట్టింది. పరీక్షలు దగ్గర పెట్టుకుని ఇవేంటే అని కసరాలి నిజానికి. కసరలేదు. క్విజ్ అంటే నేనెలా అయిపోతానో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కదా.

ముందు జాన్ కార్పెంటర్‌ది చూశాం. 1999 నవంబరు, అమెరికాలో మిలియన్ డాలర్ల షో. అక్కడి పన్నుల శాఖలో ఉద్యోగి ఆయన. చివరి ప్రశ్న దాకా ఒక్క లైఫ్‌లైనూ వాడలేదు. ఆ ఆఖరి ప్రశ్నకి నాన్నకి ఫోన్ చేస్తానన్నాడు. చేసి, నీ సాయమేమీ వద్దు నాన్నా, నేను మిలియన్ గెలవబోతున్నాను, అది చెబుదామనే చేశాను అన్నాడు. అత్తయ్య దాన్ని మూడుసార్లు పెట్టించుకున్నారు. "వాళ్ల నాన్న మొహం చూపించరేమే?" అని ఒకటే గొడవ. ఫోన్లో ఉన్నాయన మొహం ఎలా చూపిస్తారు అత్తయ్యా అంటే, "అదేం షో మరి" అన్నారు. అందరం నవ్వుకున్నాం. అక్కడితో ఆపేసి ఉంటే ఈపాటికి నిద్రపోయేదాన్ని.

తర్వాత వచ్చింది మైకేల్ లార్సన్. 'ప్రెస్ యువర్ లక్' అనే ఆట. పెద్ద బోర్డు మీద చుట్టూ 18 గళ్లు, వాటి మీద దీపం టకటకా గెంతుతూ ఉంటుంది. ఎర్ర మీట నొక్కితే ఆగుతుంది. ఆగిన గడిలో డబ్బుంటే మనది, వ్యామీ అనే ఎర్ర బొమ్మ ఉంటే అప్పటిదాకా గెలిచిందంతా గోవిందా. చూసేవాళ్లకి అది పూర్తిగా అదృష్టం. లార్సన్‌కి కాదు. ఒహాయో రాష్ట్రంలో తన ఇంట్లో కూర్చుని, ఆ షోని వీడియో టేపుల మీద రికార్డు చేసుకుని, ఒక్కో బొమ్మా ఆపి ఆపి చూశాడట. దీపం ఇష్టమొచ్చినట్టు గెంతడం లేదనీ, ఐదే ఐదు వరసల్లో తిరుగుతోందనీ, నాలుగో గడిలోనూ ఎనిమిదో గడిలోనూ వ్యామీ ఎప్పుడూ రాదనీ కనిపెట్టాడు. ఇక మిగిలింది ఆ వరసల్ని కంఠతా పట్టడమే.

స్టూడియోలో మొదటిసారి నొక్కితే మాత్రం వ్యామీయే తగిలింది పాపం. టెన్షనేమో. తర్వాత కుదురుకున్నాడు. 40 సార్లకి పైగా వరసగా నొక్కాడు, ఒక్కసారీ తగల్లేదు. ఆ క్లిప్పులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. అందరూ దీపం ఎక్కడ ఆగిందో చూసి గంతులేస్తారు. ఈయన మీట మీద చెయ్యి పడీ పడగానే, దీపం ఎక్కడుందో మన కళ్లకి ఆనకముందే, సంబరం మొదలుపెట్టేస్తాడు. 1,10,237 డాలర్లు. షో పెట్టిన సీబీఎస్ వాళ్లు తలలు పట్టుకుని నియమాలన్నీ తిరగేశారు. బోర్డుని బట్టీ పట్టకూడదని ఎక్కడా లేదు. ఇచ్చేశారు. ఆ తర్వాత ఆ దీపానికి ఇంకా చాలా వరసలు నేర్పించారు, అది వేరే సంగతి.

ఇంత కథ విని, ఈయన టీవీ రిమోట్ కోసం దిండు కింద వెతుక్కుంటూ అన్న మాట: "చీటరు."

అంతే. ఇంకేం లేదు. ఎందుకు చీటరో చెప్పరు. నేను ఎందుకు కాదో చెబుతుంటే వినరు. ఈయనకి ఏ విషయమైనా ఒక్క మాటలో తేలిపోవాలి. పెళ్లిచూపుల్లో నాకు అది గాంభీర్యంలా కనిపించింది.

అసలు క్విజ్ ముందు ఈయన్ని కూర్చోబెట్టి చూడాలి మీరు. ప్రశ్న వస్తుంది. నేను జవాబు చెబుతాను, తప్పో ఒప్పో పైకి చెబుతాను. చిన్నదీ చెబుతుంది. అత్తయ్య కూడా "సి అనిపిస్తోందమ్మా" అంటారు, ప్రశ్న ఏమిటో వినకపోయినా సరే. ఈయన మాత్రం గడ్డం గోక్కుంటూ ఉంటారు. తెర మీద సరైన జవాబు వెలుగుతుంది. అప్పుడు తాపీగా, "నేను అనుకున్నా." పద్దెనిమిదేళ్లుగా ఇదే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ముందు చెప్పమన్నాను. చెబితే తప్పయితే ఏమవుతుంది, మన ఇంట్లోనే కదా అన్నాను. "తెలిసినా చెప్పాలని ఏముంది" అన్నారు. అలాంటి మనిషి, మీట మీద చెయ్యి పెట్టి వేల డాలర్లు పందెం కాసిన వాణ్ని చీటరంటారు! నలుగురి ముందూ తప్పుపోవడానికి సిద్ధపడి కూర్చోవడం ఎంత కష్టమో తెలుసా అసలు?

అందుకే నేనూ ఊరుకోలేదు. టెర్రీ క్నీస్ సంగతి ఎత్తాను. 2008లో 'ది ప్రైస్ ఈజ్ రైట్'లో, చివరి బహుమతుల మొత్తం ధర ఊహించమంటే 23,743 డాలర్లని చెప్పి, ఒక్క డాలరు కూడా అటూ ఇటూ కాకుండా కొట్టాడు. అక్కడా చాలాసేపు కలకలమే, ఎవరో లోపలివాళ్లు చెప్పి ఉంటారని. తీరా చూస్తే భార్యాభర్తలిద్దరూ ముందునుంచీ ఆ షో రికార్డు చేసుకుని, ఏ వస్తువు ఎంతకి వస్తోందో గుర్తు పెట్టుకుంటూ వచ్చినవాళ్లు. దీన్ని మోసమంటే, పాత ప్రశ్నపత్రాలు చదివి పరీక్షకెళ్లే పిల్లలందరూ మోసగాళ్లేనా? అందరి ముందూ పెట్టినదాన్నే అందరికంటే శ్రద్ధగా చూశారు, అంతే కదా.

"మోసం చూడాలంటే చార్లెస్ వాన్ డోరెన్‌ని చూడండి" అన్నాను. అప్పటికే ఈయన దుప్పటి లాక్కుంటున్నారు. అయినా చెప్పాను. 1956, ఎన్‌బీసీలో 'ట్వంటీ వన్' షో. హెర్బర్ట్ స్టెంపెల్ అనే కుర్రాడు వారాల తరబడి గెలుస్తున్నాడు. ఒంటికి సరిపడని కోటు, పొట్టి క్రాపు, ఎలా కనబడాలో కూడా షో వాళ్లే చెప్పి పంపేవారు. జవాబులూ వాళ్లే ఇచ్చేవారు. చూసేవాళ్లకి ఇతని మీద మోజు తీరిపోయేసరికి, కొలంబియా యూనివర్సిటీ నుంచి అందగాడు, పెద్దింటి బిడ్డ వాన్ డోరెన్‌ని పట్టుకొచ్చి, నువ్విక ఓడిపో అన్నారు. ఓడిపోవడానికి ఇచ్చిన ప్రశ్న చూడండి: 1955కి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ ఏ సినిమాకి వచ్చింది? జవాబు 'మార్టీ'. అది స్టెంపెల్‌కి మహా ఇష్టమైన సినిమా. తెలిసిన జవాబుని నోట్లోనే నొక్కేసుకుని, 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' అన్నాడు. వాన్ డోరెన్ 1,29,000 డాలర్లు గెలిచాడు, టైమ్ పత్రిక అట్ట మీదకెక్కాడు, 1959లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడి అంతా ఒప్పుకున్నాడు. అదండీ మోసమంటే. చూసి నేర్చుకోవడం వేరు, చెప్పించుకోవడం వేరు.

ఇంత బాగా వాదించాను కదా. ఇటు తిరిగి చూస్తే గురక.

సరే పొమ్మని బొత్తాం సంగతి చూద్దామని సూదులూ దారాలూ ఉండే స్టీలు డబ్బా తీశాను. అదే, నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో, క్విజ్‌లో వచ్చిన డబ్బా. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు, "క్విజ్ పోటీ, ప్రథమ బహుమతి", కింద నా పేరు. పేరులో ఒక దీర్ఘం అరిగిపోయి పొట్టి అయిపోయింది. వేలితో తడిమాను, ఎప్పుడూ తడిమినట్టే. అప్పుడు గొంతులో ఏదో అడ్డం పడింది.

ఇన్నేళ్లూ మీకు చెప్పిన కథలో ఒక ముక్క చెప్పలేదు. మీకనే ఏముంది, ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదో తరగతి. పోటీకి ముందురోజు సోషల్ మాస్టారు స్టాఫ్‌రూమ్‌కి పిలిచారు. నన్నొక్కదాన్నే. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. కార్బన్ కాపీ, నీలం అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. "ఒకసారి చూసుకోమ్మా, ఇలాంటివి వస్తాయి" అన్నారు. ఇలాంటివి అన్నారు, ఇవే అనలేదు. ఆ తేడా పట్టుకునే ఇన్నేళ్లు బతికాను. రాత్రి కూర్చుని మొత్తం నేర్చేసుకున్నాను. అందులో ఒక ప్రశ్న నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "మొదటి పానిపట్టు యుద్ధమున బాబరు చేతిలో ఓడిన సుల్తాను ఎవరు, చెప్పుము." చదివి నవ్వుకున్నాను, ఈ చెప్పుము ఏమిటా అని.

మర్నాడు వేదిక మీద, మూడో ప్రశ్న. చదివే ఆయన కళ్లజోడు సర్దుకుని, "...ఓడిన సుల్తాను ఎవరు, చెప్పుము" అన్నారు.

అదే కాగితం. ఇలాంటిది కాదు, అదే. నాకు ఒళ్లంతా చల్లబడింది. నోట్లో జవాబు సిద్ధంగా ఉంది, ఇబ్రహీం లోడీ అని. అప్పుడు మాస్టారు చెప్పిన రెండో మాట గుర్తొచ్చింది. "గబుక్కున చెప్పెయ్యకు. కాస్త ఆలోచించినట్టు ఉండి చెప్పు." నేను పైకప్పు కేసి చూశాను. పెదవి కొరుక్కున్నాను. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను, మూడే ఉన్నాయి, మళ్లీ లెక్కపెట్టాను. అప్పుడు చెప్పాను. చప్పట్లు.

'ట్వంటీ వన్' వాళ్లు స్టెంపెల్‌కి నేర్పింది కూడా అదేనట. చెమట ఎలా అద్దుకోవాలో, ఎంతసేపు తటపటాయించాలో. ఆ సంగతి నేను ఎప్పుడో చదివాను, చదివి ఛీ అనుకున్నాను కూడా. నా పెదవి మాత్రం గుర్తు రాలేదు.

మాస్టారు చెడ్డవారా అంటే, కాదు. మా స్కూలుకి ఎప్పుడూ ఏ బహుమతీ రాలేదు, ఈసారైనా పేరు నిలబడాలని ఆయన తాపత్రయం. వాన్ డోరెన్‌కీ అలాగే చెప్పారట, నువ్వు గెలిస్తే చదువు మీదా, పంతుళ్ల మీదా జనానికి గౌరవం పెరుగుతుందని. ఎంత పెద్ద యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మనిషికైనా అదే మాట సరిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లకి సరిపోదా?

పక్క బల్ల మీద వేరే స్కూలు అమ్మాయి. రెండు జడలు, చూపుడు వేలికి సిరా మరక. ఆఖరి ప్రశ్నలో నా చేతిలో ఓడిపోయింది. ఆ అమ్మాయి ఏడ్చిందని చాలా ఏళ్లు నవ్వుతూ చెప్పేదాన్ని, ఇక్కడ కూడా ఒకసారి రాసినట్టున్నాను. నిజానికి ఏడవలేదు. నేను పైకప్పు కేసి చూస్తున్నంతసేపూ నన్నే చూసింది. ఏడ్చిందని ఎందుకు కల్పించానో ఇప్పుడు తెలుస్తోంది.

జేమ్స్ స్నాడ్‌గ్రాస్ అని ఇంకొకాయన ఉన్నాడు, అదే 'ట్వంటీ వన్'లో. తనకి ముందుగా ఇచ్చిన ప్రశ్నలూ జవాబులూ కాగితం మీద రాసి, షో ప్రసారం కాకముందే తన పేరుకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకున్నాడు. కవర్లు విప్పకుండా దాచాడు. విచారణలో విప్పితే, పైన పోస్టాఫీసు ముద్ర, లోపల టీవీలో వచ్చిన ప్రశ్నలు. అంతకు మించి సాక్ష్యం ఏం కావాలి. ఆ తెలివి నాకెక్కడిది. కాగితాన్ని ముక్కలు చేసి స్కూలు వెనక బావిలో వేశాను. ముక్కలు మునగలేదు, చాలాసేపు తేలుతూనే ఉన్నాయి.

అయితే ఈయన అన్న మాట తగిలింది లార్సన్‌కి కాదన్నమాట. ఇందాకటి నుంచీ ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుని వాదిస్తున్నది కూడా ఆయన కోసం కాదేమో. ఇలా అనిపించగానే ఫోన్ తీసి, సౌండు ఆపేసి, ఆ క్లిప్పు మళ్లీ చూశాను. ఈసారి లార్సన్‌ని కాదు, పక్కన కూర్చున్న ఇద్దర్నీ. ఒకాయన చర్చిలో పాస్టరు, ముందు ఆట గెలిచి వచ్చినవాడు. ఒకావిడ పళ్ల డాక్టరు దగ్గర అసిస్టెంటు. మొదట్లో ఇద్దరూ చప్పట్లు కొడతారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్ల వంతు రాదు, రాదు, ఎంతకీ రాదు. ఇన్నిసార్లు చూసినా వాళ్లని ఎప్పుడూ చూడలేదు నేను.

అయినా సరే, లార్సన్ చీటరు కాదు. ఇది మాత్రం వదులుకోను. నాకెవరో కాగితం ఇచ్చారు. ఆయనకి ఎవరూ ఇవ్వలేదు, తనే రాసుకున్నాడు. ఆ డబ్బు ఆయనకి నిలవలేదు లెండి. ఒక రేడియో వాళ్లు ఫలానా నంబరున్న డాలరు నోటు తెస్తే బహుమతి అంటే, బ్యాంకులో డబ్బంతా ఒక డాలరు నోట్లుగా మార్చి ఇంట్లో కుప్ప పోసుకుని వెతికాడు. ఒకరోజు పార్టీకి వెళ్లి వచ్చేసరికి దాదాపు 50 వేల డాలర్లు దొంగలు ఎత్తుకుపోయారు. ఇది చెబితే ఈయన "కర్మ" అంటారు. అదీ ఒక్క మాటే.

రేపు పొద్దున కార్బన్ కాగితం సంగతి చెబుదామా అనుకుంటున్నాను. చెబితే ఏమంటారో తెలుసు. గడ్డం గోక్కుని, "నేను అనుకున్నా" అంటారు. ఆ ఒక్కసారికి మటుకు అది నిజమేనేమోనని భయం. ఈ డబ్బా గురించి నేను గొప్పలు పోయినప్పుడల్లా ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు మరి.

పన్నెండూ ఇరవై. డబ్బా అంతా కుమ్మరించి వెతికాను. చొక్కాకి సరిపోయే తెల్ల బొత్తాం లేదు. నాలుగు కన్నాలది, అదే సైజుది ఒకటి ఉంది కానీ, అది నీలం.