కుడిచెయ్యి, ఒక స్టీలు గ్లాసు

పక్షవాతం వచ్చిన నాలుగో నెలకి నా కుడి మణికట్టు పైకి లేచేది, వేళ్లు కొద్దిగా విచ్చుకునేవి. అయినా ఏ పనికైనా ఎడమ చెయ్యే ముందుకెళ్లేది. దీన్ని బద్ధకం అనకండి. కుడిచేత్తో ప్రయత్నించిన ప్రతిసారీ వస్తువు జారిపోయి, ఎడమచేత్తో చిటికెలో పని అయిపోతుంటే, మెదడు కుడిచేతిని పక్కన పెట్టేస్తుంది. కోతుల మీద చేసిన ప్రయోగాల్లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ పట్టుకున్నది ఇదే. ఆయన పద్ధతిలో బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసి, మెలకువగా ఉన్నంతసేపట్లో 90 శాతం ఉంచుతారు. రెండు వారాల పాటు రోజుకి 6 గంటల దాకా సాధన. మణికట్టు ఓ 20 డిగ్రీలు పైకి లేచి, వేళ్లు ఓ 10 డిగ్రీలు సొంతంగా తెరుచుకునేవాళ్లకే సాధారణంగా ఇది చెబుతారు. నాకు ఫిజియోథెరపిస్టు రోజుకి 2 గంటలే పెట్టించారు. పొయ్యి దగ్గర, మెట్ల మీద, బాత్రూంలో తొడుగు తీసేయాల్సిందే.

తొడుగు కన్నా గ్లాసు నాకు ఎక్కువ నేర్పింది. దూరంగా పెడితే నడుము ముందుకు వంగేది, భుజం చెవి దాకా లేచేది. గ్లాసు అందేది కానీ మోచెయ్యి చాచుకునేదే కాదు. అందుకని ఛాతీని పాత కండువాతో కుర్చీకి వదులుగా కట్టి, పక్కన ఒకరు కూర్చుని, గ్లాసుని బల్ల అంచుకి జానెడు దూరంలో పెట్టేవాళ్లు. వరసగా మూడు రోజులు నడుము సాయం లేకుండా అందితే, రెండు వేళ్ల మందం అవతలికి జరిపేవాళ్లు. స్టీలు జారుతుంది కాబట్టి రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టాం. నీళ్లు పావు గ్లాసే. నిండుగా ఉంటే ఒలుకుతాయన్న భయానికే పిడికిలి బిగుసుకుపోయి, ఆ తర్వాత వదలదు. కాగితం కప్పు ఆ పైమెట్టు: గట్టిగా పడితే నలిగిపోతుంది, కాబట్టి పట్టు సడలించక తప్పదు.

పరామర్శకి వచ్చినవాళ్లంతా స్పాంజి బంతి నొక్కమన్నారు. మూయడం నాకు వచ్చు, తెరవడమే రాదు. బట్టల క్లిప్పులు తీసి పెట్టడం కన్నా, పట్టుకున్న క్లిప్పుని డబ్బాలో వదలడం నాకు అసలైన సాధన అయ్యింది.

బోర్లించిన గ్లాసుని తిప్పి నీళ్లు పోయాలంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆలోచించకుండానే బొటనవేలు కిందికి ఉండేలా పట్టుకుంటారు. పట్టేటప్పుడు వంకరగా ఉన్నా, చివర్లో చెయ్యి సుఖంగా నిలుస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ రోజెన్‌బామ్ బృందం 1990లో కర్రముక్కలతో చూపించింది ఇలాంటి ఎంపికనే. నేనైతే బొటనవేలు పైకే పెట్టి పట్టేవాణ్ణి, తిప్పేసరికి మణికట్టు సగంలో ఆగిపోయేది. ముంజెయ్యి తిరగడం మెరుగయ్యాక పట్టు తనంతటదే మారింది, ఎవరూ చెప్పలేదు.

భోజనం అన్నిటికన్నా కష్టం. ముద్ద కట్టడానికి బొటనవేలు మిగతా వేళ్లకి ఎదురు రావాలి, నోటికి తెచ్చేటప్పుడు అరచెయ్యి నా వైపు తిరగాలి. ముద్దపప్పు అన్నంతో మొదలుపెట్టాం, చెదరదు కనక. కంచం కింద పీట వేసి ఎత్తు పెంచితే చెయ్యి ఎక్కువ లేపక్కర్లేదు. ఏడో నెలలో పీట తీసేశాం. పులుసన్నానికి ఇంకా స్పూనే.