పెరట్లో ఇల్లు కట్టాలా, పెరడు ఉంచుకోవాలా

శాన్ హోజేలో మా వీధిలోనే రెండిళ్ళ వెనకాల ఏడీయూలు (ఉన్న ఇంటి స్థలంలోనే కట్టుకునే రెండో చిన్న ఇళ్ళు) లేచాయి, ఇప్పుడు ఎవరింటికి భోజనానికెళ్ళినా ఇదే టాపిక్, "మీరెప్పుడు కడుతున్నారు, అత్తగారినీ మామగారినీ తెచ్చేసుకోవచ్చు కదా" అని. మేమూ సీరియస్‌గానే ఆలోచించాం. తెనాల్లో వాళ్ళిద్దరే ఉంటారు, మామయ్యకి డెబ్భై ఆరు, మోకాళ్ళ నొప్పులు, రాత్రిపూట ఇండియా నంబర్ మోగితే మా ఆయన ఉలిక్కిపడి లేస్తాడు. కాబట్టి అద్దెకిస్తే ఎంతొస్తుంది, ఇంటి విలువ ఎంత పెరుగుతుంది అన్న లెక్కలు మాకు రెండో విషయం.

రూల్స్ సంగతికొస్తే కాలిఫోర్నియాలో ఇప్పుడు కట్టుకోవడం చాలా సులువైంది. 2020 నుంచి వచ్చిన చట్టాల ప్రకారం అప్లికేషన్ అన్ని కాగితాలతో కంప్లీట్‌గా ఇస్తే సిటీ 60 రోజుల్లో తేల్చెయ్యాలి, పక్కల, వెనక 4 అడుగులు వదిలితే చాలు, 800 చదరపు అడుగుల దాకా విడి ఇల్లు కట్టుకుంటామంటే స్థలం చాలదనే వంకతో కాదనలేరు. 750 లోపు ఉంటే కొత్త కట్టడాల మీద సిటీ వేసే ఇంపాక్ట్ ఫీజులు ఉండవు, స్కూల్ ఫీజు మాత్రం 500 దాటితే కట్టాలి. ప్రాపర్టీ టాక్స్ గురించి చాలామంది అనవసరంగా భయపడతారు, పాత ఇంటికి టాక్స్ కోసం కట్టిన విలువ జోలికి రారు, కొత్తగా కట్టినదాని విలువ మీదే టాక్స్ పెరుగుతుంది.

అసలు దెబ్బ ఖర్చు దగ్గరే. మాకొచ్చిన కొటేషన్లు మూడున్నర లక్షల డాలర్ల చుట్టూ తిరిగాయి, అందులో ఇల్లు కనపడేది ఒక భాగం, కనపడనిది ఇంకో భాగం. మాది అరవైల్లో కట్టిన ఇల్లు, కరెంటు మెయిన్ ప్యానెల్ 100 ఆంప్సే, అది మార్చాలి. మురుగు నీళ్ళు పోయే సీవర్ లైన్ వీధి వైపుంది, పెరడేమో వెనక, పైపుకి అడుక్కి పావు అంగుళం చొప్పున వాలు ఇస్తూ ఇంటి పక్కనుంచి ముందు దాకా తవ్వుకుంటూ రావాలి, ఆ పక్క సందులోకి చిన్న మిషన్ కూడా పట్టదు. మొదటి లోన్ 2021లో మూడు శాతం రేటుకి తీసుకున్నది, దాన్ని కదిలించే ప్రసక్తే లేదు, అంటే ఇంటి మీద రెండో లోన్ ఇప్పటి రేటుకే తీసుకోవాలి.

సరే, డబ్బు ఎలాగోలా సర్దుకుంటాం అనుకున్నా, ఇంతకీ వాళ్ళు ఎన్నాళ్ళుంటారు? విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలలు. మా ఆయన సిటిజన్ కాబట్టి వాళ్ళకి గ్రీన్ కార్డ్ ఫైల్ చెయ్యొచ్చు, కానీ కార్డ్ తీసుకుంటే ఇక ఇక్కడే ఎక్కువ కాలం ఉండాలి, ఏడాది దాటి ఊళ్ళో ఉండిపోతే చిక్కే. పెద్దవాళ్ళకి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, మెడికేర్, కొనుక్కోవాలన్నా కార్డ్ వచ్చాక ఐదేళ్ళు ఇక్కడ వరసగా ఉండాలి. ఈ వయసులో తెనాలి వదిలేసి రమ్మనడం చిన్న మాటేం కాదు, పొలం కౌలు, పెన్షన్, పొద్దున్నే టీ కొట్టు దగ్గర కలిసే నలుగురు స్నేహితులు, అన్నీ అక్కడే. ఇదేదీ తేలకుండా ముందు ఇల్లు కట్టేస్తే, కట్టాం కాబట్టి రండి అని వాళ్ళ మెడ మీద కూర్చున్నట్టే అవుతుంది.

ఈ వేసవికి ఇద్దరూ వచ్చారు. కాంట్రాక్టర్ వచ్చి గడ్డి మీద నారింజ రంగు స్ప్రేతో 24 బై 30 అడుగుల గీత గీసి, ఇల్లు ఇక్కడిదాకా వస్తుందని చూపించి వెళ్ళాడు. అత్తయ్య బయటికొచ్చి ఆ గీత పొడవునా ఒకసారి నడిచింది. ఆవిడ వచ్చిన వారానికే విత్తనాలేసి కర్రలు కట్టిన చిక్కుడు పందిరి, గోంగూర మడి, ఎండ బాగా తగిలే ఆ మూల మొత్తం గీత లోపలే ఉన్నాయి. "ఇదంతా కట్టేస్తే ఇంక నేను పగలంతా ఏం చెయ్యాలమ్మాయ్?" అంది. మేమంతా ఆఫీసులకీ పిల్లలు స్కూలుకీ పోయాక కారు నడపడం రాని మనిషికి ఈ దేశంలో తనది అనిపించిన చోటు ఏదైనా ఉందంటే అది ఆ పెరడే, దాన్నే పూడ్చేసి అందులో ఆవిడకి ఇల్లు కడదాం అనుకుంటున్నాం మేము.

మామయ్యకి వేరే బాధ. వాస్తు ప్రకారం నైరుతి మూల పెద్దవాళ్ళకి మంచిదే అన్నారు కానీ, "ఊళ్ళో అవుట్‌హౌస్‌లో పెట్టారంటార్రా" అన్నారు కొడుకుతో. దానికంటే నాకు అత్తయ్య అన్న ఇంకో మాటే గట్టిగా తగిలింది, జనవరి వానలో రాత్రి రెండింటికి ఈయనకేమైనా అయితే అంత పెరడు దాటి వచ్చి మీ తలుపు కొట్టాలా అని. కానీ అదే మనిషి, తన పొయ్యి తనకుండాలని కూడా అంటుంది. తెల్లవారుజామున ఐదింటికే కాఫీ డికాషన్ పడాలి, శనివారం ఉల్లీ వెల్లుల్లీ తగలని గిన్నెలు వేరే ఉండాలి, నా వంటింట్లో అవన్నీ మొహమాటంతో ఆపుకుంటోంది, నాకు తెలుస్తూనే ఉంది.

అందుకని ఇప్పుడు మా ఆలోచన గరాజ్ వైపు తిరిగింది. రెండు కార్ల గరాజ్, సుమారు 400 చదరపు అడుగులు, దాన్ని గదీ, చిన్న వంటిల్లూ, బాత్‌రూమ్‌గా మార్చుకోవచ్చు, పోయిన పార్కింగ్‌కి బదులు ఇంకోటి చూపించక్కర్లేదు. ఖర్చు సగానికి తగ్గుతుంది. బయటి తలుపు వాళ్ళకి వేరే ఉంటుంది, లోపల మా వంటింటికి ఒక తలుపు ఉంటుంది, రాత్రి పిలిస్తే వినపడుతుంది. గ్రీన్ కార్డ్ వద్దనుకుని ఆరు నెలలే ఉన్నా ఆ ఖర్చుకి మనసు ఒప్పుకుంటుంది, మిగతా ఆరు నెలలు మా అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. వాళ్ళ గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు, నేను మాత్రం మొదటి రోజు నుంచీ లెక్కలో వేసుకునే ఉన్నాను.

గరాజ్ ఆగ్నేయంలో పడింది, వంటకి మంచిదేగానీ పడగ్గదికి కాదని మామయ్య ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఫ్లోర్ సంగతి కూడా ఉంది, గరాజ్ స్లాబ్ ఇంటి ఫ్లోర్ కంటే దిగువన ఉండి బయటికి వాలుగా ఉంటుంది, ఆయన మోకాళ్ళకి ఒక్క మెట్టు కూడా లేకుండా దాన్ని లేపి సమం చెయ్యాలి, తలుపులు 36 అంగుళాలు పెట్టించాలి, బాత్‌రూమ్ గోడల్లో పట్టుకునే రాడ్లకి ఇప్పుడే చెక్క వేయించాలి. డిజైనర్ లెవెల్స్ కొలిచి వెళ్ళాక, పర్మిట్‌కి పంపేముందు ఆ ప్లాన్ టేబుల్ మీద పరిచి, మంచం ఏ గోడకి పడాలో మామయ్యనీ, పొయ్యి ఎక్కడుండాలో అత్తయ్యనీ పెన్సిల్‌తో గీయమంటాం.