టీషర్టు తీసుకుని వెళ్ళిపోయిన జనం: కాలేజీ బాస్కెట్‌బాల్‌కి ప్రేక్షకుల్ని రప్పించబోయిన నా అనుభవం

నవంబర్‌లో ఓ మంగళవారం రాత్రి, స్టూడెంట్ గేటు దగ్గర క్లిక్కర్ పట్టుకుని నిలబడ్డాను. ఒక్కో మనిషి లోపలికి వచ్చినప్పుడల్లా బొటనవేలితో టిక్ మనిపించడమే నా పని. ఆట మొదలై పది నిమిషాలయ్యేసరికి అంకె 43 దగ్గర ఆగింది, అందులో ఇద్దరు బాత్రూమ్ కోసం వచ్చినవాళ్ళు. మర్నాడు బాక్స్ స్కోర్‌లో, అంటే ఆట అంకెలన్నీ వేసే పట్టికలో చూస్తే హాజరు వెయ్యి పైనే వేశారు. ఇదేంటని మా బాస్‌ని అడిగితే ఆవిడ నవ్వేసి, అది అమ్మిన టికెట్ల లెక్క, నీది లోపలికొచ్చిన తలకాయల లెక్క అంది. అమెరికాలో చాలా కాలేజీల్లో ఇదే పద్ధతి అని తర్వాత తెలిసింది. సీజన్ టికెట్ కొన్నాయన ఇంట్లో సోఫా మీద పడుకున్నా సరే, వచ్చినట్టే లెక్క.

నేను ఆ ఉద్యోగంలోకి రావడం కూడా ఆటమీద ప్రేమతో ఏమీ కాదు. మాస్టర్స్ చదువుతున్నాను, ఎఫ్-1 వీసా, సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే వారానికి 20 గంటలకి మించకుండా పనిచేయాలి. లైబ్రరీలో ఖాళీల్లేవు, డైనింగ్ హాల్లో ఖాళీల్లేవు, అథ్లెటిక్స్ మార్కెటింగ్‌లో ఒకటి ఉందన్నారు. బాస్కెట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా బంతి బుట్టలో పడాలని. మనం క్రికెట్ మనుషులం కదా. డివిజన్ వన్ కాలేజీ, అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయి కాబట్టి, టీవీలో చూసే మార్చ్ మ్యాడ్‌నెస్ (మార్చిలో జరిగే జాతీయ కాలేజీ టోర్నమెంట్) హడావిడి ఉంటుందనుకున్నాను. అక్కడ ఉన్నది ఖాళీ కుర్చీలు, వాటి ముందు పాపం ప్రాణం పెట్టి ఆడుతున్న పిల్లలు.

మొదటి ఐడియా అందరికీ వచ్చేదే, ఉచిత టీషర్టులు. మూడొందలు తెప్పించి గేటు దగ్గర పంచాం. జనం బాగానే వచ్చారు, నా క్లిక్కర్ కూడా సంతోషపడింది. వాళ్ళు ఈ తలుపులోంచి వచ్చి టికెట్ స్కాన్ చేయించుకుని, టీషర్టు చంకలో పెట్టుకుని, అటుపక్క తలుపులోంచి వెళ్ళిపోతున్నారని నాకు అర్థమయ్యేసరికి డబ్బాలు ఖాళీ. పైగా సైజులు ఎవరు ఆర్డర్ పెట్టారో గానీ చివరికి మిగిలినవన్నీ డబుల్ ఎక్స్‌ఎల్‌లే, ఇప్పటికీ నా రూమ్మేట్ వాటిలోనే పడుకుంటాడు. తర్వాతి ఆట నుంచి పంపకం సెకండాఫ్‌కి మార్చాం. కాలేజీ మగపిల్లల ఆటలో ఒక్కో హాఫ్ 20 నిమిషాలు. 16, 12, 8, 4 నిమిషాలు మిగిలిన తర్వాత ఆట ఎక్కడ ఆగితే అక్కడ టీవీ ప్రకటనల కోసం మీడియా టైమౌట్ వస్తుంది. సెకండాఫ్‌లో 12 నిమిషాల టైమౌట్‌కి పంచుతామని చెప్తే ఆ టీషర్టు కోసమైనా అప్పటిదాకా కూర్చునేవారు. పాయింట్ల యాప్ కూడా పెట్టాం, ఆటకి వచ్చి చెక్ ఇన్ కొడితే పాయింట్లు, పాయింట్లకి బహుమతులు. పిల్లలు పార్కింగ్ లాట్‌లో కారు కూడా దిగకుండా చెక్ ఇన్ కొట్టి వెళ్ళిపోయేవారు. తెలివితేటలంటే ఇవీ!

ఇక లాభం లేదని ఒక వారం మొత్తం డైనింగ్ హాల్లో ట్రేలు పెట్టే చోట నిలబడి, ఎందుకు రావట్లేదు బాబూ అని అందర్నీ అడిగాను. టీమ్ ఓడిపోతోంది కాబట్టి రావట్లేదంటారని నా అంచనా, కానీ ఆ మాట అన్నవాళ్ళు తక్కువే. ఎక్కువమంది అన్నది, అసలు ఈరోజు ఆట ఉందా అని. ఆ తర్వాత, ఎవరితో వెళ్ళాలి, ఒక్కడినే ఏం కూర్చుంటాను అని. ఒకమ్మాయి మాత్రం సూటిగా చెప్పింది. ఆట అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది, ఆఖరి షటిల్ 8:50కి, ఆ చలిలో హాస్టల్ దాకా నువ్వు నడుస్తావా అని అడిగింది. నిజమే, నేనే నడిచేవాణ్ణి కాదు.

ఈ షటిల్ సంగతి రాయకపోతే నాకు నిద్రపట్టదు. ఆట ముగిశాక అరగంట వరకు ఒక్క బస్సు ఉంచండి అని అడగడానికి మూడు వారాలు పట్టింది. రవాణా వాళ్ళు అథ్లెటిక్స్ డబ్బు పెట్టాలన్నారు, మావాళ్ళు అది స్టూడెంట్ సర్వీసు కాబట్టి వాళ్ళ ఖాతా అన్నారు, మధ్యలో ఒకాయన సెలవులో వెళ్ళాడు. ఈమెయిల్ గొలుసు ఎంత పొడుగైందంటే నేను మొదట ఏం అడిగానో వెతుక్కోవాల్సి వచ్చింది. చివరికి ఫ్రీ పిజ్జాల బడ్జెట్‌లోంచి కోసి బస్సుకి కట్టాం. ఆ సీజన్లో ఖర్చుపెట్టిన వాటన్నిట్లో నా లెక్కలో అత్యుత్తమ ఖర్చు అదే, పోస్టర్ మీద వేసుకోవడానికి మాత్రం ఏమీ ఉండదు.

రెండోది కూర్చునే చోటు. స్టూడెంట్ సెక్షన్ పైన ఓ మూలకి ఉండేది, కోర్టు పక్కన మంచి సీట్లన్నీ దాతలవి, సగం ఖాళీ. డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళ హాలు కామెరాన్ ఇండోర్‌లో పట్టేదే 9,314 మంది, అయినా టీవీలో చూస్తే పైకప్పు లేచిపోతున్నట్టుంటుంది, ఎందుకంటే పిల్లలు కోర్టుని ఆనుకుని నిలబడతారు. మనకున్న వందమందినైనా సెకండాఫ్‌లో ఎదుటి జట్టు వేసే బుట్ట వెనక్కి తెచ్చి గుంపుగా నిలబెడదామని మా బాస్‌కి రెండు వీడియోలు చూపించాను. దాతలకి ఆవిడే ఫోన్లు చేసింది. ఒక పెద్దాయన తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఆ పెద్దాయన మారనన్నాడు కాబట్టి ఆయన కుర్చీ అక్కడే ఉంచి చుట్టూ పిల్లల్ని నింపాం, రెండు ఆటల తర్వాత రిఫరీని అందరికంటే గట్టిగా తిట్టేది ఆయనే.

అతి చేసిన సందర్భాలూ ఉన్నాయి. గాలి నింపి టపటపా కొట్టుకునే ప్లాస్టిక్ గొట్టాలు తెప్పించాను. ఆట నడుస్తుండగా అలాంటి కృత్రిమ శబ్దాలు చేయకూడదని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ఉంది, బ్యాండ్ కూడా ఆట ఆగినప్పుడే వాయించాలి. రిఫరీ మా వాళ్ళని పిలిచి చెప్పాక వరసవరసకీ తిరిగి వెనక్కి లాక్కున్నాను, పిల్లల చేతిలోంచి బొమ్మలు లాక్కున్న పాపం తగిలినట్టనిపించింది. ఇండియానాలో టేలర్ అనే చిన్న యూనివర్సిటీలో ఏటా డిసెంబర్‌లో సైలెంట్ నైట్ అని చేస్తారు. సొంత జట్టు పదో పాయింట్ కొట్టేదాకా హాలంతా చప్పుడు లేకుండా ఉండి, కొట్టగానే ఒక్కసారిగా విరుచుకుపడతారు. చూడ్డానికి భలే ఉంటుందని మేమూ పెట్టాం. మావాళ్ళు పదో పాయింట్ కొట్టడానికి ఏడు నిమిషాలు తీసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో మా కోచ్ తన కుర్రాళ్ళని ఏమేం అంటున్నాడో ఊరందరికీ వినిపించింది.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో మొదలుపెట్టిన కర్టెన్ ఆఫ్ డిస్ట్రాక్షన్ కూడా కాపీ కొట్టాం. ఎదుటి ఆటగాడు ఫ్రీ త్రో (ఫౌల్ అయితే ఎవరూ అడ్డుపడకుండా వేయనిచ్చే షాట్) వేసేటప్పుడు బుట్ట వెనక తెర తీసి ఏదో ఒక పిచ్చిపని చేసి చూపిస్తారు. 2016లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ చిన్న చెడ్డీ, మెడలో పతకాలతో ఆ తెర వెనక నుంచి దూకితే అవతలివాడు రెండు షాట్లూ పోగొట్టుకున్నాడు. మా దగ్గర ఫెల్ప్స్ ఎక్కడ దొరుకుతాడు! దుప్పటి తెర, వెనకాల నేను, గళ్ళ లుంగీ మోకాళ్ళ పైకి మడిచికట్టి, తలకి తువ్వాలు. తెర లాగారు, నేను ఎగిరాను. వాడు నావైపు ఒకసారి చూసి, బంతిని మూడుసార్లు నేలకేసి కొట్టి, రెండూ వేసేశాడు. అయినా ఆ దాత పెద్దాయన కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, మర్నాటి నుంచి క్లాసులో నా పేరు లుంగీ.

డిసెంబర్ సగం నుంచి జనవరి సగం దాకా పిల్లలు ఇళ్ళకి పోతారు, ఆటలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. ఆ నెలరోజులు స్టూడెంట్ సెక్షన్ మీద ఆశలు పెట్టుకోవడం దండగ. సెలవులయ్యాక అమ్మాయిల టీమ్ ఆట ఒకటి పనిదినం ఉదయం 11కి పెట్టి చుట్టుపక్కల ఎలిమెంటరీ స్కూళ్ళని పిలిచాం. పసుపు బస్సులు వరసకట్టాయి. ఆ చిన్నపిల్లల కీచుమనే కేకలకి రెండు గంటలు నా చెవులు పనిచేయలేదు, ఆ సీజన్‌లో మా హాల్ నిజంగా నిండింది ఆ ఒక్కరోజే. మాకు అబ్బాయిల జట్టు కంటే అమ్మాయిలదే మంచి జట్టు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అందులో నేనూ ఉన్నాను. 2023 అక్టోబర్‌లో అయోవా యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఆటకి ఫుట్‌బాల్ స్టేడియంలో 55,646 మంది వచ్చిన సంగతి తెలిసి కూడా.

స్టూడెంట్లు రావడం మొదలైంది మాత్రం ఫిబ్రవరిలో, అదీ అనుకోకుండా. మా సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు), ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, డైనింగ్ హాల్లో నా పక్కన నిలబడి షెడ్యూల్ కార్డులు పంచుతానన్నాడు. కార్డు ఎవరూ చూడలేదు, అతన్నే తలెత్తి చూశారు. అతను ప్రతి టేబుల్ దగ్గరా కాస్త వంగి, గురువారం వస్తారా, వస్తే నాకు చెయ్యి ఊపండి అని సిగ్గుపడుతూ అడిగాడు. గురువారం ఒక హాస్టల్ ఫ్లోర్ ఫ్లోరంతా వచ్చింది. వార్మప్‌లో అతను నిజంగానే వెతికి మరీ చెయ్యి ఊపాడు. ఆ తర్వాత నేను పోస్టర్లు వేయడం మానేసి ఆటగాళ్ళని భోజనాలకి తిప్పాను.

మనవాళ్ళని కూడా అలాగే లాగాను. మొదట మా రూమ్మేట్ "మనకెందుకురా ఆ గోల, రాత్రి మ్యాచ్ ఉంది" అన్నాడు. "రేయ్, ఒక్కసారి రా, ఓవర్ల మధ్య గ్యాప్ కూడా ఉండదు, 30 సెకన్లలో షాట్ వేయకపోతే బంతి అవతలివాళ్ళకి" అని తీసుకెళ్ళాను. ఐదు ఫౌళ్ళకి ఆటగాడు అవుట్ అన్నది మాత్రం వాడికి వెంటనే నచ్చింది. మూడో ఆటకి వాడు ఆరుగురిని వెంటేసుకొచ్చాడు.

మార్చి మొదటివారంలో సీనియర్ నైట్ రోజు, అంటే ఆఖరి ఏడాది ఆటగాళ్ళకి వీడ్కోలు చెప్పే ఆట రోజు, నా క్లిక్కర్ 611 చూపించింది. నాలుగు పాయింట్లతో ఓడిపోయాం, చివరి బజర్ దాకా ఒక్కరూ కదల్లేదు, ఆఖరి షటిల్‌లో నిలబడ్డానికి చోటు లేక నేను నడిచే వెళ్ళాను. మొన్న నా స్థానంలో చేరిన కుర్రాడు మెయిల్ పెట్టాడు. స్టోర్‌రూమ్‌లో సామాన్ల జాబితా రాస్తుంటే గళ్ళ గుడ్డ ఒకటి దొరికిందట, అది జెండానా, టేబుల్ క్లాతా, ఏమని రాయాలి అని అడుగుతున్నాడు.