40 జీబీ నుంచి 80 జీబీకి: వర్చువల్ మెషిన్ డిస్క్ పెంపు

ఫొటోల బ్యాకప్ నడిచే వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) రూట్, అంటే ప్రధాన ఫైల్‌సిస్టమ్, 90 శాతానికి పైగా నిండింది. హోస్ట్ (అసలు కంప్యూటర్) మీద వర్చువల్ మెషిన్లను నడిపే కేవీఎం, గెస్ట్ (వర్చువల్ మెషిన్) డిస్క్ ఒక క్యూకౌ2 ఫైల్, లోపల ఉబుంటు సర్వర్, డిస్కు చోటును పంచే ఎల్‌వీఎం, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్.

మొదట చూడాల్సింది గెస్ట్‌లో వీజీఎస్ కమాండ్, ఎల్‌వీఎం దగ్గర ఎంత ఖాళీ ఉందో అది చెబుతుంది. ఎల్‌వీఎంతో వేసినప్పుడు ఉబుంటు ఇన్‌స్టాలర్ ఈ సైజు డిస్కులో సగం చోటే రూట్‌కి ఇచ్చి మిగతాది వాల్యూమ్ గ్రూపులో (ఎల్‌వీఎం పంచే మొత్తం చోటు) ఖాళీగా వదిలేస్తుంది. అలా మిగిలి ఉంటే ఆ చోటును రూట్‌కి కలిపే ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్ ఒక్కటే చాలు, డిస్క్ జోలికి వెళ్లనక్కర్లేదు. నా దాంట్లో ఆ మిగులు ఇదివరకే వాడేశాను.

తర్వాత హోస్ట్‌లో ఖాళీ. క్యూకౌ2 ఫైల్ డేటా చేరేకొద్దీ పెరుగుతుంది కాబట్టి హోస్ట్‌లో లేని చోటు కూడా గెస్ట్‌కి చూపించవచ్చు. ప్రమాదమంతా అక్కడే ఉంది. హోస్ట్ నిండిపోయిన రోజు గెస్ట్ రాయబోయి మధ్యలో ఆగిపోతుంది. అందుకే ఖాళీ చూపే డీఎఫ్ కమాండ్‌తో చూసుకుని, 80 జీబీ పూర్తిగా నిండినా హోస్ట్ తట్టుకుంటుందని తేలాకే ముందుకు కదిలాను.

గెస్ట్‌ని షట్‌డౌన్ చేసి, ఇమేజ్ ఫైల్‌కి ఇంకో డిస్కులో కాపీ తీశాను. ఫైల్ లోపలి పాత స్నాప్‌షాట్ (డిస్క్ ఒకప్పటి స్థితి నకలు) తీసేశాను. కేవీఎంతో కలిసి పనిచేసే క్యూఈఎంయూ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లు స్నాప్‌షాట్ ఉన్న ఇమేజ్‌ని పెంచడానికి ఒప్పుకోవు. ఆ తర్వాత క్యూఈఎంయూ-ఐఎంజీ రీసైజ్, ప్లస్ 40జీ. క్షణంలో అయిపోయింది. మెషిన్ నడుస్తుండగా మాత్రం ఈ కమాండ్ వాడకూడదు, ఇమేజ్ పాడవొచ్చు. ఆపడం కుదరకపోతే వర్చువల్ మెషిన్లను నిర్వహించే వర్ష్‌లో బ్లాక్‌రీసైజ్ కమాండ్ ఉంది.

బూట్ అయ్యాక డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేలో వీడీఏ (డిస్క్) 80 జీబీ, వీడీఏ3 (దాని మూడో పార్టిషన్) మాత్రం పాత సైజే. పెరిగిన సంగతి ఒక్కో అంచెకీ విడిగా చెప్పాలి మరి. ముందు పార్టిషన్: దాన్ని పెంచే గ్రోపార్ట్ కమాండ్‌కి డిస్క్ పేరు, పార్టిషన్ నంబరు మధ్యలో ఖాళీ వదిలి ఇవ్వాలి. పార్టిషన్ల వివరాలుండే జీపీటీ పట్టిక రెండో ప్రతి డిస్క్ చివర ఉండాలి, పెంచాక అది మధ్యలో చిక్కుకుంటుంది. గ్రోపార్ట్ దాన్నీ సర్దేస్తుంది. గ్రోపార్ట్ బదులు పార్టెడ్ వాడితే ఫిక్స్ చేయాలా అని అడుగుతుంది, సరే అనాలి. వీడీఏ3 చివరి పార్టిషన్ కావడం కలిసొచ్చింది. దాని తర్వాత స్వాప్ పార్టిషన్ ఉంటే ముందు దాన్ని తీసి వేరేచోట పెట్టుకోవాలి.

ఆ పైన పార్టిషన్ పెరిగిందని ఎల్‌వీఎంకి చెప్పే పీవీరీసైజ్, చివరగా ఎల్‌వీఎక్స్‌టెండ్. దీనికి మైనస్ ఆర్ జోడిస్తే ఫైల్‌సిస్టమ్‌ని కూడా అదే పెంచుతుంది, రీసైజ్2ఎఫ్ఎస్ విడిగా నడపక్కర్లేదు. రూట్ మౌంట్ అయి ఉండగానే పెరిగింది, ఈ అంచెలో బ్యాకప్ సర్వీసు ఆగలేదు. ఈఎక్స్‌టీ4లో నాకు బాగా నచ్చేది ఇదే. ఎక్స్ఎఫ్ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్ కూడా ఇలాగే పెరుగుతుంది కానీ, మళ్లీ తగ్గించే ఆశ పెట్టుకోకూడదు.

రూట్ వాడకం ఇప్పుడు సగం లోపే. తర్వాతి పని డిస్‌కార్డ్, అంటే ఖాళీ అయిన చోటు హోస్ట్‌కి తిరిగి ఇవ్వడం: మెషిన్ సెట్టింగుల ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో డిస్క్ డ్రైవర్‌కి అన్‌మ్యాప్ పెట్టి, గెస్ట్‌లో ఎఫ్ఎస్‌ట్రిమ్ నడిపి, చెరిపేసిన ఫొటోల చోటు హోస్ట్‌కి ఎంత తిరిగి వస్తుందో క్యూఈఎంయూ-ఐఎంజీ ఇన్ఫోలో చూడాలి.